చూడకుండా ఉండగలిగినంత

"తొమ్మిదీ పెట్టాల. దాంట్లో ఒక్క లక్ష వెనక్కి తీసిపెట్టుకున్నా అది పెట్టినట్టు కాదు," అని హాల్లో శ్రీనివాసమూర్తి అంటున్నాడు. పొద్దున్నించి ఇది నాలుగోసారి.

"అప్పా, ఉండే దుడ్డంతా తీసుకుపోయి ఒకే దాంట్లో ఎవరన్నా పోస్తారా? పదిహేను పర్సెంట్. అంతే. మా ఆఫీసులో సార్లంతా అంతే పెట్టినారు."

"మీ సార్లు బంగారు గనుల ఊర్లో పుట్టినారా?"

"గనుల ఊర్లో పుట్టినామని మనకేమన్నా గ్రాముకు వంద తగ్గించి ఇస్తారా?"

చిన్నవెంకటమ్మ ఈ మాటకోసమే కాచుకున్నట్టు మధ్యలో దూరింది. "ఫోన్లో బంగారమంట, కాగితం మింద బంగారమంట! ఒరే సీనా, మెడలో యేసుకుంటే చిరిగిపోతాది కదరా అది. నేను చస్తే నా చెవుల్లోవి పీక్కుంటారు. నీ పెండ్లాం కాడ ఏం పీక్కుంటారు, ఫోనా?"

"అవ్వా, నువ్వు మాట్లాడకుండా సుమ్నే ఉండు," అని చిత్ర నవ్వింది. శ్రీనివాసమూర్తి నవ్వలేదు. "తొమ్మిదీ," అన్నాడు మళ్ళీ, ఐదోసారి.

మధ్యగదిలో చాప మీద మంగళ వెల్లకిలా పడుకుని ఈ మాటలన్నీ వింటోంది. ఆమె రెండు మోకాళ్ళకూ అత్త ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడు ఆకులు పరిచి, పాత చీర చింపి గట్టిగా కట్టింది. గంటసేపు కదలగూడదు, కదిల్తే వేడీ పోతాది నా కష్టమూ పోతాది, అని చెప్పి హాల్లోకి పోయింది. శనివారం పదకొండు గంటలప్పుడు, పొయ్యి మీద ఏమీ లేకుండా, చేతిలో ఏమీ లేకుండా, ఇంట్లో అందరూ మేలుకుని ఉండగా తాను పడుకుని ఉండడం ఎప్పుడు జరిగిందో మంగళకు గుర్తు రాలేదు. చిత్రను కన్నప్పుడు జరిగి ఉండాలి. హాల్లో మాట్లాడుతున్నది తన దుడ్డు గురించే, ఖాతా తెరుస్తున్నది తన పేరు మీదే, అరవై ఏళ్ళకు నెలనెలా కొంచెం కొంచెంగా తిరిగి వచ్చేదీ తనకే. చిత్ర ఫోన్లో ఫారం సగం నింపి ఉంది, పేరూ పుట్టిన తేదీ ఆధారూ అన్నీ అయిపోయాయి, ఎంత అన్న దగ్గర ఆగింది. మూడు గంటల రైలుకు చిత్ర బెంగళూరు వెళ్ళిపోవాలి, ఆలోపల తేలాలి. తేల్చమని తననెవరూ పిలవలేదు. నువ్వు కాళ్ళు చాపుకుని పడుకో మంగళా, మేం చూస్తాంలే అన్నారు. అది ప్రేమతోనే అన్నారు. ఆ ప్రేమకు కూడా లేచి కూర్చుని జవాబు చెప్పాలంటే ఒంట్లో బలం కావాలి, అది లేదు.

ఆకుల వేడి మోకాలి చిప్ప కిందికి మెల్లగా దిగుతోంది, కుడి కాలిలో ముందు, ఎడమ కాలిలో తర్వాత. ఎడమదే మొండిది. వైట్‌ఫీల్డ్‌లో రైలు దిగేటప్పుడు మొదట ఆనేది ఎడమ కాలే, ఇరవైమూడేళ్ళుగా అదే, ఎందుకో తెలియదు, కుడి చేత్తో కమ్మీ పట్టుకుంటే ఎడమ కాలు దానంతటదే కిందికి పోతుంది. మెట్టుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య ఆ జానెడు ఎత్తు మొదట్లో ఎత్తే కాదు, గెంతేది. ఇప్పుడు వెనకనుంచి ఎవరో ఒకమ్మాయి, దిగండి ఆంటీ దిగండి, అంటూ ఉంటుంది. మూడు ముక్కాలుకు లేవడం, అన్నం, కూర, రెండు క్యారియర్లు, ఐదుకల్లా కోరమాండల్ స్టేషన్, మారికుప్పంలోనే నిండిపోయి వచ్చే ఆ పెట్టెలో కిటికీ దగ్గర చోటు దొరికితే బంగారుపేట రాకముందే నిద్ర. కిటికీ కమ్మీకి నుదురు ఆనించి నిద్రపోతే కమ్మీ అచ్చు నుదుటి మీద పడుతుంది, నిలువుగా, సన్నగా. ఆఫీసులో జీతాల సెక్షన్‌లో మొదటి ఏడాది అందరూ అనుకున్నారట, ఈ మంగళమ్మ ఇంట్లో ఏదో నామం ఆచారం ఉంది కాబోలని. పది గంటలకు చెరిగిపోయేది. ఈమధ్య చెరగడం లేదు, మధ్యాహ్నం కడుక్కునేటప్పుడు అద్దంలో కనపడుతూనే ఉంటుంది. చర్మం వెనక్కి రావడం మానేసింది. ఇది ఎవరికైనా చెప్తే నవ్వుతారని చెప్పలేదు.

ఆ ఆఫీసే ఇప్పుడు ఊరు మారుతోంది. బట్టలు కుట్టి బయటిదేశాలకు పంపే కంపెనీ, స్థలం అమ్ముకుని దొడ్డబళ్ళాపురం అవతలికి పోతోంది. వచ్చేవాళ్ళు రావచ్చు, రానివాళ్ళకు లెక్క తేల్చి ఇస్తామన్నారు. ఎటూ పాత కంపెనీ పేరు మూసి కొత్త పేరు పెడుతున్నారు కాబట్టి అందరికీ పీఎఫ్, గ్రాట్యుటీ చేతికిచ్చారు, మంగళకు తొమ్మిది లక్షల చిల్లర వచ్చింది, అయినా మీరు రావాలి మంగళమ్మా, నాలుగువందలమంది జీతాలు మీ చేతిమీద నడిచినాయి, ఒకటో తేదీకల్లా చెప్పండి అని మేనేజరు అన్నాడు. వైట్‌ఫీల్డ్ నుంచి కంపెనీ బస్సు వేస్తారు. ఇంకో గంటన్నర. ఆ రాత్రి ఆ సంగతి చెప్తే శ్రీనివాసమూర్తి, "బస్సులో కూర్చునే కదా పోయేది," అన్నాడు. నిజమే. కూర్చునే.

"మీ తాత చేసిన తప్పు మనం చేయగూడదు చిత్రా. అంతే నేను చెప్పేది," అని హాల్లోంచి.

వచ్చింది. ఎంతసేపటికి వస్తుందా అని చూస్తూనే ఉంది మంగళ. పెళ్ళయిన ఇరవైరెండేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో, బియ్యం బస్తా కొన్నప్పుడు వచ్చింది, ఆండర్సన్‌పేటలో ఈ ఇంటికి రెండో గది వేసినప్పుడు వచ్చింది, తనను నొప్పించాలని కాదు, ఆయనకు అది ఒక లెక్కల పాఠం లాంటిది. నిజానికి ఈ ఊళ్ళో ఆ పాఠం లేని ఇల్లు లేదు. గనులు మూసినప్పుడు ఇచ్చిన దుడ్డు ఆ పొద్దే బంగారంలో పెట్టి ఉంటే ఈ పొద్దు ఎంత? రెండువేల ఒకటిలో గ్రాము నాలుగువందల చిల్లర. ఇప్పుడు పన్నెండు వేలు. అందరూ గుణించుకుంటారు. గుణించుకుని నోరు చప్పరిస్తారు. భూమిలో మైళ్ళ లోతు దిగి బంగారం తీసినవాళ్ళ ఇళ్ళల్లో తాళిబొట్టూ కమ్మలూ తప్ప మరేం లేకపోవడం బయటివాళ్ళకు వింత, మంగళ చిన్నప్పుడు అది వింతని కూడా ఎవరికీ తెలియదు.

నాయన హనుమంతప్ప గని లోపలికి దిగినవాడు కాదు. టైమ్ ఆఫీసులో గుమస్తా. షిఫ్టుకు దిగే ప్రతి మనిషీ కిటికీలోంచి ఇత్తడి బిళ్ళ ఒకటి తీసుకుని దిగేవాడు, ఎక్కి వచ్చాక తిరిగి ఇచ్చేవాడు. ఏ మేకుకు బిళ్ళ తిరిగి రాలేదో చూసుకోవడం నాయన పని. బిళ్ళ రాలేదంటే మనిషి లోపలే ఉన్నాడని. అన్ని బిళ్ళలూ వచ్చేదాకా నాయన ఇంటికి వచ్చేవాడు కాదు. ఒక్కోసారి తెల్లగా ఇస్త్రీ చేసిన ప్యాంటుతో, చెప్పుల్లో, బంగారం తీసేసిన మట్టి పోసే సైనైడు దిబ్బల దుమ్ముతో, అర్ధగంట ఆలస్యంగా వచ్చి, ఎవడో బిళ్ళ జేబులో పెట్టుకుని సారాయంగడికి పోయినాడు, వెతుక్కొచ్చినా, అనేవాడు. కోపం ఉండేది కాదు. తిరిగి రావలసింది తిరిగి వస్తుంది, కొంచెం ఆలస్యమవుతుంది అంతే అన్న నమ్మకం నాయనకు ఆ మేకుల దగ్గరే పట్టుకుంది. ఆకులు చల్లారుతున్నాయా? ఇంకా లేదు. ఎడమ మోకాలు ఇప్పుడిప్పుడే పట్టు వదులుతోంది.

గనులు మూసేసినప్పుడు నాయనకు రెండు లక్షల నలభై వేలు ఇచ్చారు. ఆ దుడ్డు వచ్చిన వారంలోనే వీధిలో ఒక మాట పుట్టింది. యూనియన్‌లో తిరిగే తిమ్మప్ప తెచ్చాడో, తిమ్మప్పకు ఇంకెవరు చెప్పారో. గనులు మళ్ళీ తెరుస్తారు, తెరిచినప్పుడు పాతవాళ్ళనే పిలుస్తారు, అయితే ఇచ్చిన దుడ్డు మొత్తం తిరిగి కట్టినవాళ్ళకే మొదట పిలుపు. దానికి కాగితం లేదు, సంతకం లేదు. కానీ వీధిలో సగంమంది నమ్మారు, నమ్మనివాళ్ళు కూడా నమ్మేవాళ్ళను చూసి కొన్నాళ్ళు ఆగారు, తర్వాత కూతుళ్ళ పెళ్ళిళ్ళనీ ఆటో కొనాలనీ ఒక్కొక్కరే ఖర్చుపెట్టుకున్నారు. నాయన మాత్రం ముట్టుకోలేదు. ఫిక్స్‌డ్‌లో వేసుకోండి సార్, వడ్డీ అయినా వస్తుంది అని బ్యాంకులో చెప్తే దానికీ ఒప్పుకోలేదు. ఫిక్స్‌డ్‌లో వేస్తే పిలిచిన పొద్దు చేతికి రాదు కదా అన్నాడు. మామూలు ఖాతాలో, ఎప్పుడు పిలిస్తే అప్పుడు తీసి కట్టేట్టుగా, రెండు లక్షల నలభై వేలు అట్లాగే కూర్చుంది, నాయన లాగే, ప్యాంటు ఇస్త్రీ చేసుకుని.

అప్పుడు అందరి చూపూ బంగారం రేటు మీదే. తీసే ఖర్చు ఎక్కువ, అమ్మితే వచ్చేది తక్కువ, అందుకని మూసినారు. రేటు ఎక్కితే గిట్టుబాటవుతుంది, తెరుస్తారు. ఈ లెక్క చదువురానివాళ్ళకు కూడా వచ్చు. పొద్దున ఏడింటికి టీ అంగడికి కన్నడ పేపరు రాగానే మొదటి పేజీ ఎవరికీ అక్కర్లేదు, రేట్ల పేజీ కోసం చేతులు చాచేవాళ్ళు. నాయన కళ్ళజోడు తుడుచుకుని చదివి చెప్పేవాడు. దేశమంతా బంగారం రేటు ఎక్కితే పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు తల పట్టుకుంటారు, తమ వీధిలో మాత్రం ఒకరి భుజం ఒకరు తట్టుకునేవాళ్ళు. ఒక రోజు పదిగ్రాములకు రెండువందలు ఎక్కితే సొన్నప్ప అనే ఆయన అందరికీ టీ ఇప్పించాడు. నాయన ఇంటికి వచ్చి, "ఎక్కింది మ్మా, బాగా ఎక్కింది," అని చెప్పాడు, జ్వరం తగ్గింది అన్నట్టు. రేటు ఎక్కుతూనే పోయింది. పదిగ్రాములు ఐదు వేలు, తొమ్మిది వేలు, పద్దెనిమిది వేలు. గని నోళ్ళ మీద ముళ్ళచెట్లు పెరిగాయి, ఇనప చక్రాలు తుప్పుపట్టాయి, ఆషాఢం గాలికి దిబ్బల మీది బూడిదరంగు పొడి లేచి అన్నం కుండల మీదికి వచ్చి పడుతూనే ఉంది. నాయన చదువుతూనే ఉన్నాడు.

కోలారులో బీఎడ్ సీటు వచ్చింది మంగళకు, గనులు మూసిన మరుసటి ఏడాది. ఫీజు ముప్పైనాలుగు వేలు. బ్యాంకులో రెండు లక్షల నలభై వేలు. తాను వంటింటి గడపలో నిల్చుంది, నాయన స్టూలు మీద కూర్చుని బూటు పాలిష్ చేస్తున్నాడు, ఎక్కడికీ పోయేది లేకపోయినా శుక్రవారాలు పాలిష్ చేసేవాడు. "ఆ దుడ్డు నాది కాదు మ్మా. కంపెనీది. పిలిస్తే తిరిగి ఇయ్యాల కదా," అన్నాడు. ముఖం పైకెత్తలేదు. "ఒక్క ఏడాది తాళుకో. తెరిచినాక నా జీతంతోనే చదివిస్తా." అమ్మ వెనకనుంచి ఏదో అనబోయి పొయ్యి ఊదుకుంది. ఒక్క ఏడాదే కదా అని ఆ ఏడాదికి మాత్రం మంగళ రైలెక్కింది. పక్కింటి గురువమ్మ ఆ బట్టల కంపెనీలో బొత్తాలు కుట్టేది, ఆమె చెప్పి పెట్టించింది.

ఆ మాట మీద మంగళకు చాలాకాలం కోపం ఉండేది. పెళ్ళయ్యాక భర్త 'మీ నాయన చేసిన తప్పు' అన్నప్పుడల్లా పైకి ముఖం ముడుచుకున్నా లోపల, అవును తప్పే, అని ఒప్పుకునేది. బంగారం కొనకపోవడమే తప్పు అని ఆయనతో పాటు తానూ అనుకుంది. కొని ఉంటే ఇప్పటికి ఎంత, అని రైల్లో తానూ గుణించుకుంది, మాలూరు నుంచి దేవనగొంది దాకా, సున్నాలు తప్పిపోతే మళ్ళీ మొదటినుంచి.

"చూడు, నీకు అర్థమయ్యేట్టు చెప్తా," అని శ్రీనివాసమూర్తి గొంతు ఇప్పుడు మెత్తబడింది. ఆయన సొసైటీలో గుమస్తా, ఇంకో రెండేళ్ళలో దిగిపోతాడు, పింఛను లేదు. ఆ భయం ఆయనకు తెల్లవారుజామున వస్తుంది, పక్కన మెలకువగా ఉండి మంగళ వింటూ ఉంటుంది, ఆయన ఊరికే గొంతు సవరించుకుంటూ ఉండడం. "ఇప్పుడు తొమ్మిది ఒక్కసారిగా. ఆమేల నెలకు పది వేలు మీ అమ్మ జీతంలోంచి. మీ అమ్మకు ఇప్పుడు నలభైయేడు. అరవైకి ఇంగ పదమూడేండ్లు. నెలకు పది వేలు, పదమూడేండ్లు, ఎంతయితాది కొట్టు నీ ఫోన్లో."

"పదిహేను లక్షల అరవై వేలు, కట్టిందే. రేటు ఎక్కేది వేరే."

"చూసినావా?"

"అది సరేప్పా. నేను చెప్పేది ఏందంటే, తొమ్మిదిలో పదిహేను పర్సెంట్ బంగారం, మిగతాది వేరే వేరే ఫండ్లు. నెలనెలా పది వేలు ఎట్లా ఉండనే ఉండాది కదా, దాన్ని సగం సగం చేస్తే..."

ఎట్లా ఉండనే ఉండాది. మంగళ పైకప్పు రేకుల వైపు చూస్తూ ఆ మాటను విన్నది. అటు ఆయన, ఇటు బిడ్డ, పొద్దున్నించి కొట్లాడుకుంటున్నారు, తొమ్మిదా పదిహేను పర్సెంటా అని, కానీ ఆ పది వేల దగ్గర ఇద్దరికీ తగువు లేదు. వీధి కొళాయిలో నీళ్ళు వచ్చినట్టు అది వస్తుంది. దాని వెనక మూడు ముక్కాలు ఉంది, జానెడు ఎత్తు మెట్టు ఉంది, ఇప్పుడు దాని పైన ఇంకో గంటన్నర బస్సు ఉంది, అవి లెక్కలో లేవు. చిత్ర మంచి పిల్ల. బెంగళూరులో ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం వచ్చిన రోజే, నేను మాత్రం రోజూ ఆ రైలు ఎక్కనమ్మా, నీ బతుకు చూసినా చాలు, అని చెప్పి జీతంలో సగం ఇచ్చి పీజీలో ఉంటోంది. ఎవరూ తప్పనలేదు. మంగళే ముందు సరే అన్నది. మరి ఆ బిడ్డే ఇప్పుడు పదమూడేండ్లు అని ఫోన్లో కొట్టి చూసి సున్నాలు లెక్కబెట్టింది కదా, ఆ సున్నాల్లో రైలు కనపడలేదా? కనపడదు. తనకే కనపడలేదు, పొద్దున ఆయన మొదటిసారి చెప్పినప్పుడు, బాగానే ఉంది లెక్క, అనుకుంది తాను కూడా.

లెక్క బాగానే ఉంది. ఆయన చెప్పేది తప్పు కాకపోవచ్చు. పదమూడేళ్ళకు గ్రాము ఎంతుంటుందో ఎవరికి తెలుసు, ఆయనే గెలవచ్చు, అప్పుడు చుట్టాలందరి ముందు, మా మంగళ వింటే గదా, అంటాడు. అననీ. కానీ అరవైకి ఈ మోకాళ్ళు యాడ ఉంటాయి? ఆకు కట్టినా, సూది వేసినా. తొమ్మిది లక్షలూ ముట్టుకోకుండా ఒక పక్కన పెట్టి, ఆ రోజు వస్తుంది అని ఈ రోజులన్నీ దానికి కట్టుకుంటూ పోవడం, ఇది ఎక్కడో చూసినట్టుంది, ఎవరింట్లోనో. స్టూలు మీద కూర్చుని పాలిష్ చేస్తున్న చెయ్యి. దుడ్డు బంగారంలో పెట్టినా పెట్టకపోయినా అదే చెయ్యి.

చివరికి నాయన ఖాతాలో దుడ్డు తీసింది ఆసుపత్రికి. నాయనకు మూత్రపిండాలు చెడిపోయి కోలారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పన్నెండేళ్ళ తర్వాత, నాయనే అన్నాడు, "తియ్యమ్మా." ఆ ఒక్క మాటకు పన్నెండేళ్ళు పట్టింది. బ్యాంకులో కిటికీ దగ్గర నిల్చుని ఫారంలో ఎంత రాయాలో తెలియక మొదటిరోజు నలభై వేలు రాసింది. మళ్ళీ రెండు రోజులకు యాభై. పదకొండు రోజుల్లో మూడుసార్లు రైల్వే గేటు దాటి ఆ బ్యాంకుకు నడిచింది. చివరిసారి మొత్తం రాయబోతుంటే, పొద్దున నాయన అన్నది గుర్తొచ్చింది. ముక్కులో గొట్టంతో, చెయ్యి పట్టుకుని. "అంతా తియ్యొద్దు మ్మా. ఒక వెయ్యి ఉండనీ. ఖాతా మూసేస్తే, వాళ్ళు పిలవాలంటే ఆ నంబరే కదా ఉండేది వాళ్ళ కాడ." వెయ్యి ఉంచింది. ఇప్పటికీ ఉందో, ఛార్జీలు కోసి కోసి పోయిందో, మంగళ మళ్ళీ ఆ బ్యాంకు వైపు పోలేదు. ఆ రోజు మధ్యాహ్నం కూడా పక్కమంచం మనిషి పేపరు చదువుతుంటే నాయన కళ్ళు అటే తిరిగాయి. ఎంత అని పెదవులు కదిపాడు. ఆయన చదివి చెప్పాడు. నాయన తలూపాడు. ఎక్కింది.

ఇక్కడ శ్రీనివాసమూర్తి ఆ రేటు ఫోన్లో చూస్తాడు. పొద్దున తొమ్మిదిన్నరకు, సాయంత్రం ఆరుకు. బంగారం ఒక్క గ్రాము కొన్నది లేదు, అయినా చూస్తాడు. తొమ్మిది లక్షలు అందులో పెడితే తానూ చూస్తుంది. మంగళ కళ్ళు మూసుకుని చూసింది, తొమ్మిది లక్షలు పెట్టినట్టు, సోమవారం పొద్దున మూడు ముక్కాలుకు లేచినట్టు. పొయ్యి వెలిగించక ముందే చెయ్యి ఫోను మీదికి పోయింది. సరే, ఐదు లక్షలు. ఐదుకు పొయ్యి వెలిగించాక చూసింది, పాలు పొంగుతుంటే. నాలుగుకు రైల్లో. మూడు లక్షలకు శనివారాలు చూసింది. రెండు దగ్గర చాలాసేపు ఆగింది, పండగల ముందు చూస్తుందేమో, ఎవరింట్లోనైనా పెళ్ళికి రేటు మాట వచ్చినప్పుడు నెమ్మదిగా లోపలికి పోయి చూస్తుందేమో అనిపించింది. ఒకటిన్నర. లక్షన్నర పెట్టి ఎదురుచూసింది. రాగిపిండి కలిపింది, బట్టలు ఆరేసింది, వాకిట్లో కూర్చుని అనపకాయలు వలిచింది, పక్కింటామెతో మాట్లాడింది, మధ్యాహ్నం కాసేపు పడుకుంది, చెయ్యి అటు పోలేదు. ఎక్కితే ఎక్కుతుంది. దిగితే దిగుతుంది. దాని పాటికి అది అక్కడ పడి ఉంటుంది, తన పాటికి తాను ఇక్కడ. చిత్ర చెప్పిన పదిహేను పర్సెంటుకు అది దగ్గరగానే వచ్చింది, వేరే దారిలో వచ్చింది, ఆ సంగతి చిత్రకు చెప్పనక్కర్లేదు. మిగతా ఏడున్నర పోస్టాఫీసులో నెలనెలా వడ్డీ వచ్చేట్టు వేస్తే, లక్షకు ఎంతని అక్కడ వరలక్ష్మీ పూజనాడు అడిగి చూసింది, నాలుగున్నర వేల పైన వస్తుంది. ఎందుకు అడిగిందో అప్పుడు తనకే తెలియదు, స్టాంపులు కొనడానికి పోయి ఊరికే అడిగింది. క్యాసంబళ్ళి పొలం నుంచి అత్త వాటా రాగులు వస్తాయి. ఇల్లు సొంతం. ఆయనకు రెండేళ్ళ జీతం ఉంది. ఇరుగ్గానే ఉంటుంది. ఇరుకు తెలిసిందే కదా.

భయమేసింది. మంచి పనికి పూనుకున్నట్టు కాదు, దొంగతనానికి పూనుకున్నట్టు. ఒకటో తేదీకల్లా చెప్పండి అన్న మేనేజరు ముఖం, జీతాల పట్టీలో నాలుగువందల పేర్లు, ఎవరికి ఏ నెల అడ్వాన్సు కావాలో తనకే తెలుసు. రేపటినుంచి ఆ తెలియడమంతా ఏం చేసుకోవాలి? పోయినేడు గురువమ్మ పని మానేసింది, ఇప్పటికీ నాలుగింటికి మెలకువ వస్తాది మంగళా, లేచి కూచుంటా, అన్నది మొన్న. లేచి కూచుని ఏం చేస్తావక్కా అంటే, ఏం లేదు, మళ్ళీ పండుకుంటా, అన్నది. ఆ మాట అప్పుడు జాలిగా అనిపించింది. ఇప్పుడు మళ్ళీ విన్నది దాన్ని. మళ్ళీ పండుకుంటా.

గంట అయిందో లేదో. మంగళ లేచి కూర్చుని గుడ్డల ముడులు విప్పింది. ఆకులు వడలి నల్లబడ్డాయి, చర్మం మీద ఆముదం జిగట. రెండు చేతులూ నేలకు ఆనించి, ముందు కుడి కాలు, తర్వాత ఎడమ. గోడ పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"గంట కాలేదు కదే! నా కష్టమంతా నీళ్ళపాలు," అని చిన్నవెంకటమ్మ కసిరింది.

"తగ్గింది లే అత్తా." కుర్చీలో కూర్చుంది. శ్రీనివాసమూర్తి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఆమె వైపు చూశాడు. చిత్ర చేతిలో ఫోను.

"అమ్మా, అప్పాకు నువ్వే చెప్పు, తొమ్మిదీ అంటే ఎట్ల..."

"ఒకటిన్నర పెట్టు," అన్నది మంగళ. గొంతు పెంచలేదు. "ఒక్కసారికే. నెలనెలా ఏమీ లేదు."

చిత్ర నాన్న వైపు గెలిచినట్టు చూడబోయి, చివరి మాట దగ్గర ఆగిపోయింది. "నెలనెలా ఏమీ లేదంటే?"

"అదే. పది వేలు లేవు. మిగిలింది పోస్టాఫీసులో వేస్తా, నెలకు నాలుగున్నర వేలు చేతికి వస్తాది. నేను ఆ కొత్త తావుకు పోయేది లేదు. ఇంగ రైలు కూడా ఎక్కను."

చిన్నవెంకటమ్మ కాళ్ళు ముడుచుకుని పక్కకు జరిగి, కోడలి మోకాళ్ళ వైపు ఒకసారి చూసి, చూపు వాకిట్లోకి తిప్పుకుంది. శ్రీనివాసమూర్తి నోరు తెరిచాడు, తొమ్మిది అనబోతున్నాడేమో అని మంగళ ఆయన ముఖమే చూస్తూ కూర్చుంది, చూపు దించుకోలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆఫీసులో చెప్పేసినావా?"

"ఇంగ లేదు," అన్నది. "ముందు మీకు చెప్తా ఉండాను."